4-2 ఆఖరి ఆరు వారాలు: సంతకాల నుంచి సామాన్ల దాకా

నా నో డ్యూస్ ఫారంలో, అంటే కాలేజీకి ఏ బాకీ లేదని సంతకాలు పెట్టించుకునే కాగితంలో, పదకొండు గళ్ళు. పది గళ్ళలో సంతకాలు రెండు రోజుల్లో పడ్డాయి. పదకొండోదానికి ఇరవై రోజులు పట్టింది. కారణం ఒక కంట్రోల్ సిస్టమ్స్ పుస్తకం. నా లైబ్రరీ కార్డు మీద తీసి, 3-2లో, అంటే మూడో ఏడాది రెండో సెమిస్టర్‌లో, ఒక జూనియర్‌కి ఇచ్చి మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి వాడు పరీక్షలు రాసి ఊరెళ్ళిపోయాడు. పుస్తకం వాడి రూమ్మేట్ దగ్గరుందట, ఆ రూమ్మేట్ ఫోన్ ఎత్తడు. చివరికి కోఠిలో అదే పుస్తకం పాత కాపీ వెతికి కొని, లైబ్రరీలో ఇచ్చి, ఫైన్ కట్టి బయటపడ్డాను. అప్పటికి మా బ్యాచ్‌లో సగం మంది ఇంటికెళ్ళి కొత్తావకాయ తింటున్నారు.

అందుకే ఎవరైనా తమ్ముడు "అన్నా, 4-2లో ఏం చదవాలి?" అని అడిగితే "చదువు సంగతి తర్వాత, ముందు సంతకాల సంగతి చూడరా" అంటాను. 4-2లో ఏ పనీ పెద్ద కష్టం కాదు. ఆ పని చేసిపెట్టాల్సిన మనిషి ఆ రోజు సీట్లో దొరకడమే కష్టం. సెలవులు, పేపర్ వాల్యుయేషన్ డ్యూటీలు, చుట్టాల పెళ్ళిళ్ళు అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే వస్తాయి.

ఇది జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్ చదివినవాడు రాస్తున్న గైడ్. 1972లో మొదలైన జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది, తర్వాత విజయనగరం కూడా వేరైంది. ఎవరి రెగ్యులేషన్లు (కోర్సు, మార్కుల నియమాలు) వాళ్ళవి. అటానమస్ కాలేజీలైతే మరీను. కాబట్టి నేను చెప్పే వరస తీసుకోండి, అంకెలు మాత్రం మీ రెగ్యులేషన్ పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి.

ఆరు వారాల ముందు: మెమోలన్నీ మంచం మీద పరవండి

1-1 నుంచి 4-1 దాకా అన్ని సెమిస్టర్ల మెమోలు తీసి వరసగా పెట్టండి. ఏదైనా మెమో లేకపోతే అది ఈ రోజే తెలియాలి. క్రెడిట్లు కూడండి. ఇప్పుడున్న చాలా రెగ్యులేషన్లలో నాలుగేళ్ళకు మొత్తం 160. డిప్లొమా చేసి ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరినవాళ్ళకు లెక్క వేరు.

ఇక్కడ ఎక్కువ మంది దెబ్బతినేది సున్నా క్రెడిట్ల సబ్జెక్టుల దగ్గర. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, కాన్‌స్టిట్యూషన్ లాంటి మాండేటరీ కోర్సులకు క్రెడిట్లు ఉండవు కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోరు. కానీ అవి పాస్ కాకుండా డిగ్రీ రాదు. మా బ్యాచ్‌లో ఎనిమిదిన్నర సీజీపీఏ ఉన్న అమ్మాయికి రెండో ఏడాది మాండేటరీ కోర్సు ఒకటి మిగిలిపోయిందని 4-2 రిజల్ట్స్ వచ్చాక తెలిసింది. ఆంధ్ర వైపు ఆర్20 రెగ్యులేషన్ వాళ్ళయితే ఇంటర్న్‌షిప్, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ సర్టిఫికెట్లు డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చారో లేదో కూడా చూసుకోండి. ఇచ్చానని మీకు గుర్తుంటే సరిపోదు, ఫైల్లో ఉందో లేదో అడిగి చూడండి.

బ్యాక్‌లాగ్‌లు (పోయిన సబ్జెక్టులు) ఉంటే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. సిగ్గుపడకండి, ఆ గోడ చూసేది రూమ్మేట్లే. సప్లీ ఫీజు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో పరీక్షల విభాగం నోటీస్ బోర్డు దగ్గరికి వెళ్ళి చూడండి. వాట్సాప్ గ్రూపును నమ్ముకుంటే లేట్ ఫీజు కట్టేదాకా వస్తుంది, ఎందుకంటే అందరూ ఇంకెవరో పెడతారులే అనుకుంటారు.

ఐదు వారాల ముందు: ప్రాజెక్ట్ రిపోర్టు, వైవా

కొన్ని రెగ్యులేషన్లలో ఆఖరి సెమిస్టర్ అంతా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్పే. థియరీ పరీక్షలు ఉన్నా లేకపోయినా ఈ ఆరు వారాల్లో ఎక్కువ సమయం తినేది మాత్రం ప్రాజెక్టే. ఒక బ్యాచ్‌లో నలుగురు ఉంటే పని చేసేది ఒకడు, ఖర్చు పెట్టేది ఇంకొకడు, మిగతా ఇద్దరూ రివ్యూ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తారు. ఇది మారదు. మారనప్పుడు కనీసం రిపోర్టు పనైనా పంచండి. చొక్కా బ్యాచ్‌కి రిఫరెన్సులు, బొమ్మల నంబర్లు, విషయసూచిక అప్పగించండి.

వర్డ్ ఫైలును ఎప్పుడూ షాపుకి తీసుకెళ్ళకండి. పీడీఎఫ్ చేసి తీసుకెళ్ళండి. మేం వర్డ్ ఫైలే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాం. షాపు కంప్యూటర్‌లో మా ఫాంట్ లేదు. తెరవగానే అరవై రెండు పేజీల రిపోర్టు డెబ్బై ఒక్క పేజీలైంది. విషయసూచికలోని నంబర్లన్నీ తప్పు. వెనకాల పదిహేను మంది నిలబడి "అన్నా, త్వరగా" అంటుంటే, ఒక్కో పేజీ సరిచేస్తూ మా టీమ్ లీడర్ చెమటలు కక్కాడు. ఎడమ వైపు మార్జిన్ ఒకటిన్నర అంగుళం వదలండి, లేకపోతే బైండింగ్‌లో అక్షరాలు కుట్టు కిందికి పోతాయి. రంగుల పేజీలు ఏవో విడిగా రాసుకుని వెళ్ళండి. మొత్తం కలర్‌లో తీయిస్తే జేబు ఖాళీ.

హార్డ్ బైండింగ్ గంటలో అయ్యే పని కాదు. అట్టకి గమ్ పూసి, బరువు కింద పెట్టి ఆరనివ్వాలి. ఆరకముందే తీసుకెళ్తే అట్ట వంకర తిరుగుతుంది. పైన బంగారు రంగు అక్షరాలు అద్దించేటప్పుడు పక్కనే నిలబడి అక్షరం అక్షరం చదవండి. గైడ్ గారి పేరులో తప్పు పడిందంటే ఆయన మర్చిపోయినా మీ స్నేహితులు పదేళ్ళు మర్చిపోనివ్వరు. వైవాకి రెండు రోజుల ముందు అన్ని బ్రాంచులూ ఒకే షాపు మీద పడతాయి కాబట్టి నాలుగు రోజుల ముందే ఇచ్చేయండి. ఎన్ని కాపీలంటే: బ్యాచ్‌లో తలా ఒకటి, గైడ్‌కి ఒకటి, డిపార్ట్‌మెంట్‌కి ఒకటి. సంతకాల పేజీ మాత్రం రెండు ఎక్కువ తీయించి, వాటి మీద కూడా సంతకాలు పెట్టించి దాచుకోండి. టీ పడటానికి ఆ పేజీ కంటే మంచి చోటు ఉండదు.

ప్లేజరిజం చెక్ ఉన్న కాలేజీల్లో ఎక్కువగా పట్టుబడేది లిటరేచర్ సర్వే అధ్యాయం. అక్కడ కాపీ కొట్టిన పేరా కంటే సొంతంగా రాసిన నాలుగు ముక్కలు మేలు.

అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కున్నవాళ్ళకి నీతులు చెప్పను. మైత్రీవనం చుట్టుపక్కల ఆ దుకాణాలు ఎవరి వల్ల నడుస్తున్నాయో అందరికీ తెలుసు. ఒక్కటే చెప్తాను: కొన్న కోడ్‌లో ప్రతి ఫైలూ ఒక్కసారైనా తెరవండి, ఏ ఫైలు ఏం చేస్తుందో ఒక్కో వాక్యం రాసుకోండి. ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్, అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ "ఇందులో నువ్వేం చేశావు?" అనే. "అది మావాడు చేశాడు సార్" అన్న జవాబు ఒక్కరికే చెల్లుతుంది, నలుగురూ అంటే నవ్వు వస్తుంది, మార్కులు రావు. పూర్తిగా పనిచేస్తున్నప్పుడే డెమోని ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. హార్డ్‌వేర్ కిట్లకి వైవా రోజు ఉదయమే జ్వరం వస్తుంది.

నాలుగు వారాల ముందు: నో డ్యూస్

చాలా కాలేజీలు నో డ్యూస్ ఫారం పరీక్షలయ్యాకే ఇస్తాయి. ఫారం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. సీనియర్ల దగ్గర పాత ఫారం ఫొటో అడిగి తీసుకోండి, ఎవరెవరి సంతకాలు కావాలో చూడండి, ఒక్కో చోటికీ వెళ్ళి "సార్, నా పేరు మీద ఏమైనా ఉందా?" అని ఇప్పుడే అడగండి. ఉంటే తేల్చుకోండి. ఫారం చేతికొచ్చే రోజుకి సంతకం పెట్టడం తప్ప ఇంకే పనీ మిగలకూడదు.

వరస ఇదీ. మొదట లైబ్రరీ, ఎందుకంటే పుస్తకాలు మీ దగ్గర లేకపోవచ్చు, పక్కవాడి దగ్గర ఉండొచ్చు. తర్వాత ల్యాబులు: ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పగలగొట్టిన బ్యూరెట్ మీకు గుర్తుండదు, అటెండర్ రిజిస్టర్‌కి గుర్తుంటుంది. తర్వాత స్పోర్ట్స్ రూమ్, ఎన్‌ఎస్‌ఎస్, ప్లేస్‌మెంట్ సెల్. తర్వాత హాస్టల్, మెస్. అకౌంట్స్ సెక్షన్ ఆఖరున. అక్కడ మాత్రం ఒక రోజంతా పోతుందని ముందే అనుకుని వెళ్ళండి.

అకౌంట్స్‌లో అసలు చిక్కు ఫీజు రీయింబర్స్‌మెంట్. తెలంగాణ ఈ-పాస్ అయినా, ఆంధ్ర జ్ఞానభూమి అయినా, ప్రభుత్వం నుంచి డబ్బు పడకపోతే "మీరు కట్టేయండి, వచ్చాక తిరిగిస్తాం" అంటారు. ముందు మీ అప్లికేషన్ స్టేటస్ ప్రింటు తీసుకెళ్ళండి. ఏ ఏడాది మంజూరైంది, ఏది పెండింగ్‌లో ఉంది, బయోమెట్రిక్ మిగిలిందా అన్నది మీ చేతిలో కాగితం మీద ఉంటే మాట తీరే మారుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఫోన్‌లో దింపుకుని పెట్టుకోండి. ముందే బయటికి తీయకండి, అవసరమైతే నెమ్మదిగా చూపించండి. కట్టక తప్పని పరిస్థితి వస్తే రసీదు మీద ఏ ఏడాది ఫీజు అన్నది రాయించుకోండి. వట్టి మొత్తం రాసిన రసీదుతో తర్వాత ఏమీ తేలదు. తిరిగి రావాల్సిన కాషన్ డిపాజిట్ సంగతి కూడా ఆ కౌంటర్ దగ్గరే అడగండి. అడగనివాళ్ళకి ఎవరూ ఇంటికి పంపరు.

పేరు ఒక్కచోట కూడా తప్పుండకూడదు

టెన్త్ మెమోలో ఉన్న పేరే ప్రమాణం. దాన్ని పక్కన పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, సెమిస్టర్ మెమోలు అన్నీ పోల్చండి. మన పేర్లతో వచ్చే గొడవ తెలిసిందే: ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా, ఒకచోట ముందు, ఒకచోట వెనక. వెంకటలో ఒక అక్షరం ఎక్కువ, లక్ష్మిలో ఒకటి తక్కువ. సెమిస్టర్ మెమోలో తప్పుంటే అదే తప్పు అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపిన సీఎంఎంలోకి, ఒరిజినల్ డిగ్రీలోకి పాకుతుంది. కాలేజీలో ఉండగా ఒక అర్జీతో, టెన్త్ మెమో జిరాక్స్‌తో సరిదిద్దించుకోవచ్చు. బయటికొచ్చాక యూనివర్సిటీ చుట్టూ తిరగాలి.

చేతికి రావాల్సినవి: ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే పీసీ, సీఎంఎం, టీసీ, స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లు. వేరే యూనివర్సిటీలో చేరేవాళ్ళకి మైగ్రేషన్. ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళు ట్రాన్‌స్క్రిప్టులకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి, అది పీసీతో పాటు దానంతటదే రాదు. టీసీ ఒక్కసారే ఇస్తారు కాబట్టి దాన్ని లామినేషన్ చేయించొద్దు, స్కాన్ చేసి దాచండి. 2015 నుంచి ఉన్న డిజీలాకర్‌లో మీ మెమోలు కనిపిస్తున్నాయేమో చూసుకోండి. 12 అంకెల అపార్ నంబర్‌కు (విద్యార్థి గుర్తింపు నంబర్), మీ హాల్‌టికెట్ నంబర్‌కు ముడి పడిందో లేదో పరీక్షల విభాగంలో అడగండి.

పాస్‌పోర్టు లేనివాళ్ళు దాని పని కూడా ఈ వారాల్లోనే మొదలుపెట్టొచ్చు. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకి ఫీజు 1500 రూపాయలు. హాస్టల్ అడ్రస్ పెట్టకండి, ఇంటి అడ్రస్ పెట్టి, పోలీస్ వెరిఫికేషన్ వచ్చే రోజుల్లో మీరు ఇంట్లో ఉండేలా చూసుకోండి.

రోజు ఎలా గడపాలి

చెప్తే నవ్వుతారు కానీ ఈ రోజుల్లో పాడయ్యేది టైమ్‌టేబులే. క్లాసులు లేవు, రాత్రి మూడింటి దాకా మాటలు, లేచేసరికి పదకొండు, మెస్‌లో టిఫిన్ అయిపోయింది, బయట నలభై డిగ్రీల ఎండ. ఆఫీసుకి వెళ్తే "లంచ్ తర్వాత రా బాబూ". లంచ్ తర్వాత వెళ్తే సార్ మీటింగ్‌లో ఉన్నారు. అలా ఒక సంతకానికి ఒక రోజు.

నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను. ఉదయం పదింబావుకల్లా ఆఫీసు పనులు, ఒంటిగంటకు ఆపేయడం. మధ్యాహ్నం అన్నం తిని పడుకోవడం, దీనికి బాధపడనక్కర్లేదు. నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా ప్రాజెక్టు లేదా చదువు. రాత్రి భోజనం తర్వాత టెర్రస్. అక్కడి కబుర్లకి టైమ్ పెట్టమని చెప్పను, పెట్టినా ఎవరూ వినరు. మెస్‌లో ఆఖరి వారాల్లో కూరలు నీళ్ళయిపోతాయి, పెరుగు పలచబడుతుంది. ఇంటి నుంచి ఒక సీసా పచ్చడి, కందిపొడి తెప్పించుకుంటే రోజుకో బిర్యానీ ఖర్చు మిగులుతుంది.

డబ్బు గురించి కూడా ఒకమాట. ఫేర్‌వెల్ చందా, గ్రూప్ ఫొటో, బైండింగ్, సప్లీ ఫీజు, సర్టిఫికెట్ల ఫీజులు, సామాన్ల రవాణా అన్నీ ఒకే నెలలో వస్తాయి. ఇంట్లో విడివిడిగా ఐదుసార్లు అడిగే బదులు ఒక కాగితం మీద రాసి ఒకేసారి అడగండి. నాన్న తిట్టినా ఒకసారే తిడతారు.

పరీక్షలు

ఇక్కడ కొత్తగా చెప్పేదేం లేదు, ఏడు సెమిస్టర్లు రాసినవాళ్ళు మీరు. మూడు ఎలక్టివ్‌లే కదా అన్న ధీమా మాత్రం వద్దు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్ లెక్కలో ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 60కి కనీసం 21, ఇంటర్నల్‌తో కలిపి నూటికి 40 రావాలి. మిడ్స్‌లో (సెమిస్టర్ మధ్య పరీక్షల్లో) మంచి మార్కులు వచ్చినవాళ్ళు కూడా ఆ 21 దగ్గర పడతారు. పాత పేపర్లు నాలుగు తీసి ఐదు యూనిట్లలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి, నాలుగు యూనిట్లు గట్టిగా చదవండి. ఉద్యోగం వచ్చి జాయినింగ్ డేట్ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒక్క సబ్జెక్టు పోతే ఆఫర్ లెటర్ ఉన్నా లాభం లేదు. రిజల్ట్స్ వచ్చాక రీవాల్యుయేషన్‌కి గడువు కొద్ది రోజులే ఉంటుంది, అప్పటికి మీరు ఊళ్ళో ఉంటారు కాబట్టి కాలేజీ దగ్గరున్న ఒక స్నేహితుడికి ముందే చెప్పి ఉంచండి.

కాలేజీ మెయిల్ ఖాళీ చేయండి

కాలేజీ ఇచ్చిన మెయిల్ ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పరు. డ్రైవ్‌లో ఉన్న ప్రాజెక్టు ఫైళ్ళు, ఫొటోలు సొంత ఖాతాలోకి మార్చుకోండి. ఉద్యోగాల సైట్లలో, కంపెనీ పోర్టళ్ళలో కాలేజీ మెయిల్‌తో నమోదై ఉంటే ఇప్పుడే మార్చండి. ఆఫర్ లెటర్ ఆ మెయిల్‌కి వచ్చి ఉంటే పీడీఎఫ్ దించుకోండి. జాయినింగ్ వాయిదా వేసే కంపెనీలు ఆ సంగతి చెప్పేది కూడా ఆ మెయిల్‌కే.

మనుషులు

ఫేర్‌వెల్ రోజు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేరు. చీరలు, బ్లేజర్లు, ఫొటోలు, డీజే, అంతే. చొక్కాల మీద మార్కర్లతో రాసుకునే రోజూ అంతే. మాట్లాడాల్సిన నలుగురైదుగురు ఎవరో మీకు తెలుసు. వాళ్ళకి విడిగా ఒక సాయంత్రం ఇవ్వండి, పరీక్షల మధ్య గ్యాపులోనే ఇవ్వండి. ఆఖరి పరీక్ష మధ్యాహ్నం అయితే సగం మంది ఆ రాత్రి బస్సుకే టికెట్లు తీసుకుని ఉంటారు. మా రూమ్‌లో ముగ్గురం ఆఖరి రోజు కూర్చుందాం అనుకున్నాం. పరీక్ష హాలు నుంచి వచ్చేసరికి ఒకడి మంచం ఖాళీగా ఉంది, వాళ్ళ మామయ్య కారు వేసుకుని వచ్చి తీసుకెళ్ళిపోయారు. దిండు కింద నాకు ఇవ్వాల్సిన రెండు వందలు, ఒక చీటీ. చీటీలో "మోటార్ వేసి ఉంది, ఆపెయ్" అని ఉంది.

ఉద్యోగం రానివాళ్ళని ఈ వారాల్లో "ఏం ప్లాన్ మామా?" అని అడగకండి. వాళ్ళని రోజుకి పదిమంది అడుగుతున్నారు. మీకే రాకపోతే, ఇంటికెళ్ళి రెండు వారాలు ఉండి, ఆ తర్వాతే హైదరాబాద్ కేపీహెచ్‌బీలో రూమ్ చూసుకోండి. పరీక్షలయిన మర్నాడే కోచింగ్‌లో చేరిన మావాళ్ళందరికీ మొదటి నెల ఫీజు దండగే అయింది.

గైడ్ గారికి, ల్యాబ్ అసిస్టెంట్‌కి, మెస్ ఆంటీకి, గేటు దగ్గర అర్ధరాత్రి తలుపు తీసిన తాతకి చెప్పి వెళ్ళండి. తాతకి కొంత డబ్బు ఇవ్వాలనిపిస్తే చేతిలో పెట్టండి, నలుగురి ముందు వద్దు.

రూమ్ ఖాళీ చేయడం

వారం ముందే సామాన్లు మూడు కుప్పలు చేయండి: ఇంటికి వెళ్ళేవి, జూనియర్లకి ఇచ్చేవి, పారేసేవి. బకెట్, మగ్గు, పరుపు, కూలర్ జూనియర్లకి ఇవ్వండి. కూలర్‌కి డబ్బులు అడిగితే ముందే అడగండి, ఫోన్‌పే చేయించుకున్నాకే ఇవ్వండి. వార్డెన్‌కి తెలియకుండా దాచిన ఎలక్ట్రిక్ కెటిల్ సంప్రదాయం ప్రకారం పక్క రూమ్‌కి చేరుతుంది. పుస్తకాలు, బట్టలు ఆర్టీసీ కార్గోలో వేయొచ్చు. పెట్టె మీద పేరు, ఫోన్ నంబరు మార్కర్‌తో రెండు వైపులా రాయండి. బైక్ రైల్లో పంపేటట్టయితే ట్యాంక్‌లో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ జిరాక్స్, గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి.

తాళం ఇచ్చేముందు రూమ్‌ని ఫోన్‌లో వీడియో తీయండి: ఫ్యాను, ట్యూబ్‌లైటు, కిటికీ అద్దాలు, తలుపు గడియ. డిపాజిట్‌లో కోత పడేది వీటి పేరు మీదే. గోడకి అంటించిన బ్యాక్‌లాగ్ కాగితం తీసేయడం మర్చిపోకండి.

పెట్టెలన్నీ బస్సు డిక్కీలో వేయండి. సర్టిఫికెట్ల ఫైలు మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి, నిద్ర వస్తే దాని పట్టీ చేతికి చుట్టుకుని పడుకోండి.